నోట రాని పేరు

వెంకటక్క టిఫిన్ బండి రెండోసారి బోర్లా పడింది. మొదటిసారి పడ్డాక ఇద్దరు దాన్ని లేపి నిలబెట్టారు, మళ్లీ తోయడానికే.

పెనుకొండ బస్టాండు ముందు రోడ్డంతా ఇడ్లీలు దొర్లుతున్నాయి. సాంబారు కాలవ వైపు పారుతోంది. చట్నీ గిన్నె మాత్రం పక్కకు దొర్లి, సగం ఒలికి ఆగింది. పాము కనపడితే జాగా వదిలినట్టు దాని చుట్టూ జాగా వదిలి నిలబడ్డారు జనం.

"పొద్దున్నుంచి ఎంతమంది పడిపోయినారో తెలుసునా? ఆటో చంద్ర నోట్లో నురగొస్తాంది! ఏం కలిపినావే దాంట్లో?"

"ఆటోలోళ్లతో మొన్న గలాటా పెట్టుకున్యాది కదా. అది మనసులో పెట్టుకొని మందు కలిపింది."

వెంకటక్క రోడ్డు మీదే కూలబడి ఉంది. ముడి ఊడిపోయి జుట్టు మొహం మీద పడింది. "నేనేంటికి కలుపుతానప్పా మందు? చంద్రగాడు నా చేతి ఇడ్లీ తిని పెరిగినోడు. గలాటా అంటే గలాటానా అది? బండి ఇంకొంచెం జరుపుకోమన్యాడు, జరపనన్యా. అంతే కదా!"

"అయితే నువ్వు తిను చూస్తాం!"

"తింటా. తింటా, చూడండి!"

వెంకటక్క మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి చట్నీలో నాలుగు వేళ్లూ ముంచింది. ఆ చెయ్యి నోటిదాకా వెళ్లేలోపు గీతాంజలి గుంపును చీల్చుకొచ్చి మణికట్టు పట్టుకుంది.

"వదులు గీతమ్మా. నన్ను తిననీ."

"ముందు చెయ్యి కడుక్కో అక్కా."

"తినకపోతే వీళ్లు నమ్మరు. వదులు!"

ముసలి చెయ్యి కాదది. రుబ్బురోలు తిప్పిన చెయ్యి. గీతాంజలి రెండు చేతులా పట్టుకుంటే గానీ ఆగలేదు. ఆ పెనుగులాటలో చట్నీ వేళ్లు ఆమె మొహం దగ్గరికొచ్చాయి. వెల్లుల్లి, చింతపండు, వాటి కింద సన్నగా ఇంకేదో ఘాటు. ఎప్పుడో, ఎక్కడో ఎరిగిన వాసన. ఎక్కడన్నది అందలేదు.

జీపు వచ్చింది. ఎస్సై సంగీత దిగుతూనే లాఠీతో గుంపును వెనక్కి నెట్టి, చట్నీ గిన్నెను సంచిలో కట్టించింది. వెంకటక్కను జీపెక్కించమంది.

"ఆయమ్మ ఏం చేయలేదు మేడం," అంది గీతాంజలి.

"చేయకపోతే వదిలేస్తాం. ఇక్కడ ఉంచితే వీళ్లు చంపేస్తారు." ఎస్సై గొంతు తగ్గించింది. "ఇది పాచిపోయిన తిండి కాదంట. డాక్టరు పురుగుమందు అంటున్నాడు. పురుగుమందు దానంతటదే చట్నీలోకి నడిచి రాదు కదమ్మా."

జీపు వెనక సీట్లో వెంకటక్క ఆ చేతిని ఒళ్లో పెట్టుకోకుండా గాలిలోనే పట్టుకుని కూర్చుంది. వేళ్లకు చట్నీ అలాగే ఉంది.

*

గీతాంజలి వాళ్ల కిరాణా అంగడి ఆ పక్క సందులోనే. హిందూపురంలో పెద్ద అంగడి, పెనుకొండలో, ధర్మవరంలో చెరొకటి. మూడింటి బోర్డుల మీదా మామ పేరే, దూరం నుంచి కూడా కనపడేంత అక్షరాల్లో. ఆ పేరు గీతాంజలి నోట ఎన్నడూ రాలేదు. మామ పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని పెళ్లినాడు అవ్వ చెప్పి పంపింది. నమ్మకం పోయినా నాలుకకు అలవాటు పోలేదు. ఫోనెత్తితే "హలో, అంగడి" అంటుంది. బ్యాంకులో అడిగితే "బోర్డు మీద ఉంది సార్" అంటుంది.

మూడు అంగళ్లనూ కలుపుతూ ఫోనులో యాప్ పెట్టించిందీ ఆమే. బిల్లులన్నీ దానికి తెలుసు. మూట దించినప్పుడొక ఫోటో, మూతి విప్పినప్పుడొక ఫోటో తీస్తే గింజ నాణ్యం చూసి చెబుతుంది. ఏ పండక్కి ఏ సరుకు ఎంత తెప్పించాలో ముందే చెబుతుంది. మొదటి రోజు అది "యజమాని పేరు చెప్పండి" అని అడిగితే గీతాంజలి ఫోనును నల్లమ్మ నోటి దగ్గర పెట్టింది.

"మొగుని పేరు చెప్పదు, మామ పేరు చెప్పదు. నా నోరేమన్నా ఉత్తపుణ్యానికి వచ్చిందా?" అని నవ్వింది పెనుకొండ అంగడి చూసుకునే నల్లమ్మ.

మామ మాత్రం నవ్వలేదు. "అంగడికి నోరు పెట్టినావు. ఇంక అది ఏమేం వాగుతాదో," అన్నాడు.

ఇప్పుడు నల్లమ్మ గల్లా దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. "చట్నీకి శెనక్కాయ విత్తనాలు మన అంగట్లోనే తీసుకుంటాది కదమ్మా ఎంకటక్క."

"ఆ చట్నీలో చింతపండు కూడా మనదే. మిరపకాయా మనదే. ఊరికే ఉండు."

అప్పుడే ధర్మవరం అంగడి చూసుకునే మురళి ఫోన్. "అక్కా, ఈడ మగ్గాల వీధిలో ఒక ఇంట్లో తల్లీ కొడుకూ వాంతులతో పడిపోయినారు. బొరుగుల ఉగ్గాని తిన్యారంట. మన అంగడి సరుకే అని ఇంటిపక్కోళ్లు కేకలేస్తాండారు."

పెనుకొండలో కలిపిన మందు ధర్మవరం ఉగ్గానిలోకి ఎలా పోతుంది? ఆ చీర నేసే తల్లి వెంకటక్క బండి మొహం కూడా చూసి ఉండదు.

గీతాంజలి ఫోను దగ్గరికి తీసుకుంది. ఆసుపత్రిలో చేరినవాళ్ల పేర్లు కాంపౌండరును అడిగి ఒక్కొక్కటే చెప్పింది. వెంకటక్క పేరు కూడా చేర్చింది. "వీళ్లలో మన దగ్గర సరుకు కొన్నోళ్లెవరు? అందరూ కొన్నది ఏది?"

రేడియోలో వార్తలు చదివినట్టు నిదానంగా జవాబు వచ్చింది. "మీ దగ్గర కొన్న కుటుంబాలన్నింటికీ ఉమ్మడిగా ఉన్న సరుకు ఒక్కటే, వేరుశనగ గింజలు. ఒకే లోడులోని మూటల నుంచి పెనుకొండ, ధర్మవరం అంగళ్లలో అమ్మారు. ఆ మూటలు విప్పినప్పుడు మీకు హెచ్చరిక పంపాను. పొట్టు ముడతలు పడి, గింజ తడిసి ఆరినట్టు కనిపించింది. మీరు తర్వాత చూస్తానని నొక్కారు."

నల్లమ్మ ఆమె మొహంలోకి చూసి, చూడనట్టు తల తిప్పుకుంది.

ఆ రోజు గీతాంజలి చుట్టాలింట్లో పేరు పెట్టే వేడుకలో ఉంది. వడ్డన మధ్యలో ఫోను మోగితే ఎడమచేత్తో నొక్కి నడుముకు దోపుకుంది.

"షట్టర్ దించు నల్లమ్మా. ఆ మూట ఎవరూ ముట్టుకోగూడదు." తర్వాత ఫోనుతో అంది. "గింజలు కొన్న ప్రతి ఇంటికీ చెప్పు. తినొద్దని, ఎవరికీ పెట్టొద్దని, తిరిగి ఇచ్చేయమని. ఇప్పుడే."

"సందేశాలు వెళుతున్నాయి. అవి చూడనివారికి ఫోన్ చేసి వినిపిస్తాను. కొన్ని బిల్లుల్లో నంబర్లు లేవు. వారికి చేరడానికి వేరే మార్గం చూడండి."

*

వేరే మార్గం అంటే మైకు కట్టిన ఆటో. పెనుకొండ వీధులు నల్లమ్మకు అప్పగించి గీతాంజలి సరుకు వ్యాన్‌లో ధర్మవరం బయల్దేరింది. వ్యాన్ కిషోర్‌ది. హిందూపురం గోదాములో మూటలు ఎక్కించుకుని రెండు ఊళ్లలో దించేది అతనే.

హైవే మీద గాలి వేడిగా ఉంది. రెండు వైపులా దున్ని వదిలేసిన చేలు. ఈ ఏడు విత్తనం పడిన చేను కంటే పడని చేనే ఎక్కువ. కిషోర్ ఎప్పుడూ పాటలు పెట్టుకునేవాడు, ఈ రోజు పెట్టలేదు.

గీతాంజలి ఒళ్లో ఫోను పెట్టుకుని అడిగింది. "ఈ మూటలు గోదాములో దించినప్పుడు ఎట్ల ఉన్నాయి? ఫోటో చూసి చెప్పు."

"మండీ నుంచి గోదాములో దించినప్పటి ఫోటోలో గింజ పెద్దది, పొట్టు నున్నగా ఉంది. అంగట్లో విప్పినప్పటి ఫోటోలో గింజ చిన్నది, పొట్టు ముడతలు పడింది. రెండూ ఒకే సరుకు కావు. గోదాముకూ అంగడికీ మధ్యలో మూటలు మారి ఉండవచ్చు."

వ్యాన్ వేగం తగ్గింది. రోడ్డు పక్క కంకరలోకి దిగి ఆగింది. కిషోర్ ఇంజను ఆపి, స్టీరింగ్ మీది చేతులు తీయకుండా ముందుకే చూస్తూ అడిగాడు.

"గోదాముకూ అంగడికీ మధ్యలో ఉండేది నేనే కదక్కా?"

ఆమె ఫోను తెర ఆర్పింది.

"అంటే నేను మార్చినానంటాందా ఆ ఫోన్లో యమ్మి?"

"నువ్వు మార్చినావని చెప్పలే. మారినాయని చెప్పింది."

"వినేటోళ్లకు రెండూ ఒకటే."

లారీ ఒకటి హారన్ కొడుతూ పక్కగా పోయింది. వ్యాన్ ఊగింది. రోడ్డు మీద వాళ్లిద్దరూ తప్ప ఎవరూ లేరు. గీతాంజలి చెయ్యి తెలియకుండానే తలుపు గొళ్లెం మీదికి పోయింది. కిషోర్ అది చూశాడు. చూసి, చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు సిగ్గేసింది.

"గోదాము తాళంచెవి నా తావ ఉండదక్కా. ఏ మూట ఏ ఊరికో నేను చెప్పను. నాకు చూపిస్తారు, నేను ఏసుకొస్తా."

"ఎవరు చూపించినారు?"

"నన్ను అడగద్దు. వ్యాన్ తోలుకునేటోని మాట ఎవురు నమ్ముతారు? నీ ఫోన్నే అడుగు. అది చెప్తే అందరూ నమ్ముతారు కదా."

ఇంజను మళ్లీ మొదలెట్టాడు.

మగ్గాల వీధిలో మురళి అప్పటికే మైకు ఆటో తిప్పుతున్నాడు. సందేశం చూసినవాళ్లు పొట్లాలు చేత్తో పట్టుకుని అంగడి ముందు నిలబడ్డారు, తిట్టడానికి సిద్ధంగా. గీతాంజలి తిట్లు పడుతూనే పొట్లాలు తీసుకుంది. నంబరు ఇవ్వని ఇళ్లకు కిషోర్ పరుగెత్తాడు. ఒక ఇంట్లో మగ్గం చప్పుడుకు మైకు వినపడలేదు. ఆ ఇంటి పెద్దావిడ రోట్లో గింజలు పోసి రోకలి ఎత్తింది. కిషోర్ గడప దాటుతూనే రోకలి పట్టుకున్నాడు.

"ఎవురప్పా నువ్వు? ఇంట్లోకి దూరి రోకలి పట్టుకుంటావు?"

"తర్వాత తిట్టుదువులే అవ్వా. ముందు ఆ రోలు కడుగుదాం రా."

గీతాంజలి గుమ్మంలో నిలబడి చూసింది. మూటలు మార్చినవాడు ఇలా పరుగెత్తుతాడా? పరుగెత్తొచ్చు, భయంతో. పరుగెత్తకపోనూవచ్చు. ఆమెకు ఏమీ తేలలేదు.

*

రాత్రి హిందూపురం ఇంటికొచ్చి భర్త రాఘవేంద్రకు జరిగిందంతా చెప్పింది. ఫోను ఏమందో అదీ చెప్పింది. అతను పూర్తిగా విని, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా పడుకున్నాడు. అదే వింత.

తెల్లారి నల్లమ్మ ఫోన్ చేసింది. "కిషోర్‌ను స్టేషన్‌కు తీసుకుపోయినారమ్మా. మూటలు మధ్యలో మారినాయని మీ ఫోన్ చెప్పిందంట కదా. రాఘవప్ప చెప్పినాడంట మేడంకు."

రాఘవేంద్ర హిందూపురం అంగడి మెట్ల మీద అగరుబత్తి గుచ్చుతున్నాడు.

"ఏంటికి చెప్పినావు?"

"అడిగినారు, చెప్పినా. నీ ఫోన్ చెప్పిందే కదా చెప్పినా."

"అది ఎవరని చెప్పలే!"

"చూడు గీతా." అతను అగ్గిపుల్ల ఆర్పి నేలమీద వేశాడు. "అంగడి పేరు నిలబడాలంటే ఎవరిదో ఒకరి పేరు చెప్పాల. ఆ వెంకటక్కదన్నా, వీనిదన్నా. మన పేరు మిగలాల కదా?"

ఆమెకు ఒళ్లు మండింది. కానీ మంటను మింగి గల్లా వెనక కూర్చుంది. అడిగిన ప్రశ్నే తప్పేమో. ఎవరు కొన్నారని అడిగింది, కొన్నవాళ్లు చెప్పింది. ఎక్కడ మారాయని అడిగింది, మధ్యలో అంది. అడిగినంతే అది చెప్పేది.

విషమని తెలియనివాళ్లు కొన్నారు. తెలిసినవాడు?

ఫోను నోటి దగ్గర పెట్టుకుని, పక్కన గోధుమపిండి కొనే ఆమెకు వినపడకుండా అడిగింది. "ఎప్పుడూ శెనక్కాయ విత్తనాలు తీసుకునే ఇల్లు, ఈ మూటలు వచ్చినప్పటి నుంచి మానేసింది ఏదన్నా ఉందా? మూడు అంగళ్లలో చూడు."

"కొన్ని ఉన్నాయి. ఎక్కువ కుటుంబాలు అన్ని సరుకులూ మానేశాయి, ఊరు వెళ్లి ఉండవచ్చు. మిగతా సరుకులన్నీ మామూలుగా తీసుకుంటూ వేరుశనగ ఒక్కటే మానేసిన ఖాతా ఒకటి ఉంది. దాని బదులు పుట్నాలు తీసుకున్నారు."

"ఎవరిది?"

"ఖాతా పేరు, ఇల్లు."

గోధుమపిండి కొనే ఆమె డబ్బిచ్చి వెళ్లిపోయింది. గీతాంజలి చిల్లర ఇవ్వడం మరిచిపోయింది.

ఇల్లు అంటే వాళ్ల ఇల్లే. వంటింటికి పోయే సరుకు ఆ పేరు మీద బిల్లు వేయమని ఆమే నేర్పింది. ఊరిబిండి లేకుండా సంగటి ముద్ద ముట్టని ఇల్లు. వేరుశనగలు వేయించి, ఎండుమిరప వేసి నూరిన ఊరిబిండి కోసం మామ కంచం మీద వేలితో తట్టేవాడు. ఈ మధ్య ఆ చప్పుడు వినపడలేదు. నిన్న రాత్రి తను కూడా సంగటిలో పుట్నాల పొడే కలుపుకుని తిన్నది, ఏం తింటున్నదో చూసుకోకుండా.

"ఈ మూటలు హిందూపురం అంగట్లో ఎందుకు అమ్మలేదు?" అని అడిగింది.

"ఆ లోడులో హిందూపురానికి వచ్చిన మూటల్లో మండీ గింజలే ఉన్నాయి. కారణం నాకు తెలియదు."

కారణం ఆమెకు తెలిసింది. హిందూపురం అంగట్లో సరుకు కొనేది చుట్టాలూ, వీధివాళ్లూ, మామ స్నేహితులూ.

*

మామ పెరట్లో గోనెసంచి మూతి కుడుతున్నాడు. దబ్బనం గుచ్చి, పురికొస లాగి, పళ్లతో తెంపుతున్నాడు. అత్త పుట్టమ్మ వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది.

"అత్తా, ఊరిబిండి ఏంటికి చేయడం లేదు?"

పుట్టమ్మ తల ఎత్తలేదు. "మీ మామే వద్దన్యాడు. కడుపులో గ్యాస్ అయితాదంట."

"ఎప్పుడూ లేని గ్యాసు?"

దబ్బనం ఆగింది. వెంటనే మళ్లీ కదిలింది.

అప్పుడు అందింది, ఆ చట్నీ వాసన ఎక్కడిదో. విత్తనాల కాలంలో మామ నల్లమాడ దగ్గరి సొంత చేను నుంచి వస్తే పంచెలో, చేతుల్లో ఉండే వాసన. పురుగు పట్టకుండా విత్తనానికి మందు పట్టించే రోజుల వాసన.

"మామా, విత్తనానికి పట్టించిన మందేది?"

"ఏ మందు?"

"చంద్ర ఇంకా కండ్లు తెరవలే. ధర్మవరంలో ఆ తల్లి కూడా అట్లనే ఉండాది. ఏ మందో తెలిస్తే దానికి తగినట్టు చూస్తామంటాండారు డాక్టర్లు. డబ్బా యాడుంది?"

మామ దారం బిగించాడు. "వాన పడకపాయె," అన్నాడు సంచితోనే మాట్లాడుతున్నట్టు. "దున్ని పెట్టుకుంటిమి. మందు పట్టించిన విత్తనం ఇంటికి తిరిగొచ్చె. విత్తనం పారబోస్తే పాపం గీతా. మా నాయన ఒక గింజ నేలన పడినా ఏరుకొని కండ్లకు అద్దుకునేటోడు. నేను ఊరికే ఏయలేదు. నీళ్లు మార్చి మార్చి కడిగినా. రంగు పోయేదాకా కడిగినా. మిద్దె మీద ఎండబెట్టినా. మండీ మూటల్లో పోసి మంచివి ఈడ ఉంచుకున్యా. ఏం కాదులే అనుకున్యా."

"ఏం కాదనుకుంటే ఇంట్లో ఏంటికి వద్దన్యావు? ఒక్క గింజన్నా కలిసింటాదని కదా?"

ఈసారి దబ్బనం మళ్లీ కదల్లేదు.

పుట్టమ్మ చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి లేచింది. వంటింటి వెనక కట్టెల దొంతి కింద చెయ్యి పెట్టి, పాతగుడ్డలో చుట్టిన డబ్బా తెచ్చింది. భర్త వైపు చూడకుండా కోడలి చేతిలో పెట్టింది.

"పారేయమన్యాడు. మనసొప్పలేదు," అంది. వెళ్లి మళ్లీ చిక్కుడుకాయలు అందుకుంది. ఈనె తీయకుండానే తుంచడం మొదలెట్టింది.

గీతాంజలి డబ్బా మీది కాగితం ఫోటో తీసి ఆసుపత్రికి పంపి, వెంటనే ఫోన్ చేసి మందు పేరు చదివింది. అవతల డాక్టరు రెండుసార్లు చెప్పించుకుని, ఒక్క ముక్క అదనంగా అడక్కుండా ఫోన్ పెట్టేశాడు.

వెనక్కి తిరిగేసరికి రాఘవేంద్ర తలుపులో ఉన్నాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో.

"డాక్టరుకు చెప్పినావు, మంచిదే. బతుకుతారు. ఇంక ఈడికి ఆపు." చెయ్యి చాపాడు. "ఆ ఫోటోలన్నీ తీసేయ్. మూటలవి, ఇంటి ఖాతాది. కిషోర్‌కు మంచి లాయర్ను పెడదాం. వెంకటక్కకు కొత్త బండి కొనిద్దాం. అందరికీ మంచి జరుగుతాది."

"చేయనోనికి లాయరా?"

"నాయనను జైల్లో పెడదామంటావా ఈ వయసులో?"

ఫోను లాక్కున్నాడు. చెరపమని అతనే గట్టిగా చెప్పాడు. ఫోను ఏ తొందరా లేకుండా అడిగింది. "ఈ ఫోటోలు, ఈ ఖాతా వివరాలు తొలగిస్తే తిరిగి రావు. ఇది యాప్ పెట్టించిన గీతాంజలి గారు వేలిముద్రతో నిర్ధారించాలి. తొలగించమంటారా?"

తెర మీద ఆమె వేలిముద్ర కోసం గుండ్రటి గుర్తు వెలిగింది. రాఘవేంద్ర ఫోనును ఆమె ముందు పట్టుకున్నాడు. మామ సంచి మీద చేతులు పెట్టుకుని కోడలి బొటనవేలి వైపే చూస్తున్నాడు.

గీతాంజలి ఆ చేతిని కొంగులో చుట్టుకుంది.

"రేపు పొద్దున స్టేషన్‌కు రమ్మన్నారు కదా మామా, సరుకు మనది మంచిదేనని సంతకం పెట్టేదానికి," అంది. "ఆడ నువ్వే చెప్పు. నువ్వు చెప్తే బాగుంటాది."

తెర మీది గుర్తు కాసేపు వెలిగి, దానంతటదే ఆరిపోయింది.

*

పొద్దున స్టేషన్ వరండాలో వెంకటక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కిషోర్ ఆ పక్కనే, మోకాళ్లలో తల పెట్టుకుని. గీతాంజలిని చూసి తల ఎత్తాడు గానీ పలకరించలేదు.

"చంద్ర కండ్లు తెరిచినాడంట గీతమ్మా," అంది వెంకటక్క. "లేస్తూనే ఇడ్లీ అడిగినాడంట, పిచ్చి నాకొడుకు." నవ్వబోయింది, ఏడుపొచ్చింది.

లోపల ఎస్సై సంగీత కుర్చీలు చూపించింది. మామ కూర్చున్నాడు. తెల్లపంచె, భుజాన ఉతికిన తువ్వాలు. రాఘవేంద్ర ఆయన పక్కన. గీతాంజలి నిలబడే ఉంది. బల్ల చివర వాంగ్మూలం రాసే రైటర్ కాగితాలు సర్దుకుని అడిగాడు.

"పెద్దప్పా, మీ సరుకు మీ గోదాములో ఉన్నంతవరకు బాగుండాది. వ్యాన్ ఎక్కినాక మారింది. అంతేనా? అట్లని రాస్తాం, సంతకం పెట్టండి."

గీతాంజలి మామ వైపు చూసింది. ఆయన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. మళ్లీ భుజాన వేసుకున్నాడు. మళ్లీ తీశాడు. వరండాలో వెంకటక్క దగ్గుతోంది. రైటర్ పెన్ను మూత తీశాడు.

"అంతే సార్," అన్నాడు మామ.

"అంతే కాదు," అంది గీతాంజలి.

రాఘవేంద్ర కుర్చీ కిర్రుమంది. ఆమె గుడ్డలో చుట్టిన డబ్బా బల్ల మీద పెట్టింది. పక్కన ఫోను పెట్టి, మూటల ఫోటోలు రెండూ తెరిచి ఎస్సై వైపు తిప్పింది. "ఇవి మందు పట్టించిన విత్తనాలు మేడం. మా చేనివి. కడిగి, ఎండబెట్టి, మా గోదాములోనే మూటల్లో పోసినారు. ఏ ఊరికి ఏవి పోవాల్నో కూడా ఆడనే చూపించినారు. కిషోర్‌కు తెల్దు. వెంకటక్కకు తెల్దు. తెలిసిన ఇల్లు ఒక్కటే. ఆ ఇంట్లో ఎవరూ తినలేదు."

ఎస్సై ఫోటోలు చూసింది. డబ్బా వాసన చూడబోయి ఆగింది.

"ఎవరు పోసినారు?"

"మా మామ."

రైటర్ సగం రాసి పెన్ను ఆపాడు. "మామ అంటే ఎట్ల రాసేది తల్లీ? ఊళ్లో అందరికీ మామలుంటారు. పేరు చెప్పు."

"బోర్డు మీద ఉంది సార్." అలవాటుగా వచ్చేసింది ఆ మాట.

"బోర్డు వచ్చి సాక్ష్యం చెప్పదు కదమ్మా. నీ నోటితో చెప్పాల."

"గీతా," అన్నాడు రాఘవేంద్ర, చాలా మెల్లగా.

మామ తల ఎత్తాడు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆయన ఎప్పుడూ కోడలి కళ్లలోకి నేరుగా చూసింది లేదు. ఇప్పుడు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. చెప్పదులే అన్న ధీమా ఉంది.

వాకిట్లోంచి వెంకటక్క తొంగి చూస్తోంది. కిషోర్ లేచి నిలబడ్డాడు. గీతాంజలి నోరు తెరిచింది. నాలుక పైదవడకు అతుక్కుపోయింది.

"ముత్యాలప్ప," అంది.

రైటర్ చెవి దగ్గరికి వంచాడు. "గట్టిగా, తల్లీ."

"ముత్యాలప్ప. ఆ మూటల్లో విషం పోసింది ముత్యాలప్ప."